తాత్పర్యం తర్వాత చూసుకుందాం: నిదానంగా చదవడం నేర్చుకునే పద్ధతి

బడిలో మనకు పద్యం ఎలా చెప్పేవారో గుర్తుందా? ముందు పద్యం, దాని కింద ప్రతిపదార్థం, ఆ కింద తాత్పర్యం. పరీక్ష ముందు రాత్రి మాత్రం వరుస తిరగబడేది. తాత్పర్యం బట్టీ పట్టి, ప్రతిపదార్థం మీద ఒక చూపు వేసి, పద్యాన్ని వదిలేసేవాళ్లం. మార్కులు కూడా బాగానే వచ్చేవి. చిక్కల్లా ఆ అలవాటు పదో తరగతితో పోలేదు. పెద్దయ్యాక నవల చదివినా, కథ చదివినా, వ్యాసం చదివినా కళ్లు తాత్పర్యం కోసమే పరుగెడతాయి. ఏం జరిగింది, చివరికి ఏమైంది, రచయిత చెప్పదలచుకున్నది ఏమిటి? అది దొరకగానే పుస్తకం మూసేస్తాం.

ఒకప్పుడు నేను చదివిన పుస్తకాల పేర్లన్నీ ఒక నోటు పుస్తకంలో వరుసగా రాసుకునేవాణ్ని. జాబితా పొడుగయ్యేకొద్దీ గొప్పగా ఉండేది. ఒకరోజు మా అక్క అందులో ఒక పేరు మీద వేలు పెట్టి, "ఇందులో పెద్ద కోడలు ఇల్లు వదిలి ఎందుకు వెళ్లిందిరా?" అని అడిగింది. నాకు అట్ట రంగు తప్ప ఏమీ గుర్తు రాలేదు. ఆ జాబితా రాయడం ఆ రోజుతో మానేశాను. ఆ తర్వాత కొన్నేళ్లలో తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ నేను కుదుర్చుకున్న పద్ధతి ఇది. ఇందులో కొత్త సంగతులేమీ లేవు. బడిలో మనం దాటవేసిన ప్రతిపదార్థం దగ్గరికి మళ్లీ వెళ్లడమే.

మొదటి అడుగు: చిన్నది తీసుకోండి

శ్రద్ధగా చదవాలని నిశ్చయించుకున్నవారు చాలామంది వెంటనే వెయ్యి పుటల నవల తెచ్చుకుంటారు. అది వ్యాయామం మొదలుపెట్టిన రోజే తిరుమల కొండ పరుగున ఎక్కబోవడం లాంటిది. అయిదారు పుటల కథ ఒకటి తీసుకోండి. దాన్ని నెల రోజుల్లో కనీసం మూడుసార్లు చదవండి. ఒకే కథకు నెలా అని ఆశ్చర్యపోకండి. ఒక రాగాన్ని నెలల తరబడి సాధన చేసేవారిని చూసి మనం నవ్వం కదా.

ఈ వ్యాసం మొత్తానికి నేను ఒకే కథను ఉదాహరణగా తీసుకుంటాను. గురజాడ అప్పారావు రాసిన "దిద్దుబాటు". 1910లో "ఆంధ్రభారతి" పత్రికలో వచ్చింది. తెలుగులో ఇదే తొలి ఆధునిక కథ అనేవారు చాలామంది. కాదు, 1902 నాటి భండారు అచ్చమాంబ కథ "ధనత్రయోదశి" అంతకంటే ముందుదని వాదించేవారూ ఉన్నారు. ఆ వాదం మనకు ఇప్పుడు అవసరం లేదు. చిన్నది, సులభంగా దొరుకుతుంది, చదివినకొద్దీ కొత్త సంగతులు బయటపడతాయి. చదవనివారు ఇక్కడే ఆగి, చదివి రండి. ముందు ముందు ముగింపు చెప్పేస్తాను. చెప్పకుండా ఈ పాఠం సాగదు.

చోటు, వేళ

దీని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఫోను పక్క గదిలో పెట్టండి, బల్ల మీద బోర్లా పెడితే చాలదు. అరగంట చాలు, వారానికి మూడు రోజులు చాలు. పడుకునే ముందు చదివేది నిద్ర కోసం చదివేది. అది మంచి అలవాటే కానీ ఈ పనికి పనికిరాదు. కుర్చీలో కూర్చోండి.

పెన్సిలు

పెన్నుతో కాదు, పెన్సిలుతో. ఇక్కడ మనవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇళ్లలో పెరిగాం. పుస్తకంలో గీతలు గీయడమంటే సరస్వతీదేవి మీద గీసినట్లు ఉంటుంది. మా నాయనమ్మ అయితే పుట మూల మడిచినా ఊరుకునేది కాదు. నేను ఆవిడకు ఎదురు చెప్పలేకపోయాను కానీ, తర్వాత పాత తాళపత్ర గ్రంథాల సంగతి కొంత తెలుసుకున్నాక ధైర్యం వచ్చింది. మన పండితులు మూలం పక్కన టీక రాశారు, టీకకు మళ్లీ వ్యాఖ్యానం రాశారు. పుస్తకంతో మాట్లాడటం అపచారమైతే కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరి ఏమైపోవాలి?

అరువు తెచ్చుకున్న పుస్తకమైనా, గ్రంథాలయం పుస్తకమైనా గీయవద్దు. పుటల మధ్య చిన్న కాగితం ముక్కలు పెట్టుకొని వాటి మీద రాసుకోండి. ఫోనులోనో, తెర మీదో చదివేవారు పక్కన నోటు పుస్తకం ఉంచుకోండి. తెర మీద రంగు పూసిన వాక్యాలను మళ్లీ తెరిచి చూసినవారిని నేను ఇంతవరకూ చూడలేదు, నాతో సహా.

గుర్తులు నాలుగు చాలు. తెలియని మాట చుట్టూ సున్నా. ఎందుకిలా అన్నాడో అర్థం కాని చోట ప్రశ్నార్థకం. వాక్యం మనసుకు తగిలితే అంచున నిలువు గీత. ఇంతకు ముందు ఎక్కడో చూసిన సంగతి మళ్లీ వస్తే ఆ పుట సంఖ్య. వీటిలో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించేది ప్రశ్నార్థకం. నిలువు గీతలు మాత్రం పొదుపుగా వాడండి. ప్రతి వాక్యం కిందా గీత గీసిన పుస్తకాలు పాత పుస్తకాల అంగళ్లలో చాలా కనిపిస్తాయి. పొలమంతా గట్లే వేస్తే నాటేది ఎక్కడ?

మొదటిసారి చదవడం: ఆగకుండా

మొదటిసారి కథను కథగానే చదవండి. నిఘంటువు తెరవవద్దు, వెనక్కి వెళ్లవద్దు. పెన్సిలు చేతిలో ఉండాలి, గుర్తు పెట్టి ముందుకు సాగాలి. కథ మనల్ని నవ్విస్తే నవ్వాలి, మోసం చేస్తే మోసపోవాలి. మొదటిసారే తెలివిగా చదవాలనుకునేవారు ఆ ఆనందాన్ని చేజేతులా పోగొట్టుకుంటారు.

పూర్తయ్యాక పుస్తకం మూసి, చూడకుండా అయిదు వాక్యాలు రాయండి. ఏం జరిగిందో రెండు వాక్యాలు, ఏది గుర్తుండిపోయిందో రెండు, ఏది అర్థం కాలేదో ఒకటి. ఇది సమీక్ష కాదు, ఎవరికీ చూపించనక్కరలేదు. మొదటి నెల ఈ అయిదు వాక్యాలు రాయడమే కష్టంగా ఉంటుంది. చదువుతున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది, కాగితం ముందు కూర్చుంటేనే ఎంత జారిపోయిందో తెలుస్తుంది.

"దిద్దుబాటు" మొదటిసారి చదివి నేను రాసుకున్నది దాదాపు ఇది: గోపాలరావు అనే చదువుకున్న యువకుడు సానిపాట మోజులో పడి అర్ధరాత్రి దాటాక ఇంటికి వస్తాడు. భార్య కమలిని ఉత్తరం రాసి పుట్టింటికి వెళ్లిపోయిందని తెలిసి కుమిలిపోతాడు. చివరికి ఆమె మంచం కిందే ఉంటుంది. సరదా కథ.

"సరదా కథ" అని రాసుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. అదే తాత్పర్యం.

రెండోసారి చదవడం: అసలు పని ఇక్కడే

రెండోసారి కథ తెరిచేటప్పుడు ఒక్క ప్రశ్న చేతిలో పెట్టుకోండి. పది ప్రశ్నలతో వెళితే ఒక్కటీ నిలవదు. ఈ కథకు నేను ఎంచుకునే ప్రశ్న: ఎవరు ఏమి వింటున్నారు?

కమలిని మంచం కింద ఉందన్న సంగతి ఇప్పుడు మనకు తెలుసు. గోపాలరావుకు తెలియదు. అంటే గదిలో అతను ఆడే ప్రతి మాటా ఆమె చెవిన పడుతోంది. మొదటిసారి మనం అతని పక్కన నిలబడి ఖాళీ మంచాన్ని చూశాం. ఈసారి మంచం కింద నుంచి అతని కాళ్లను చూస్తున్నాం. అవే మాటలు, చోటు మారింది. తన బుద్ధి గడ్డి తిన్నదని అతను వాపోవడం మొదటిసారి పశ్చాత్తాపంలా వినిపిస్తుంది. రెండోసారి ఒక విచారణలో నిందితుడు తనకు తెలియకుండానే ఇస్తున్న వాంగ్మూలంలా వినిపిస్తుంది.

ఇప్పుడు నౌకరు రాముడి దగ్గర ఆగండి. భార్య కనపడకపోయేసరికి గోపాలరావు ఏం చేస్తాడు? రాముణ్ని కొడతాడు. వెంటనే నొచ్చుకొని బుజ్జగిస్తాడు. మొదటిసారి ఈ దెబ్బలు హాస్యంలో కలిసిపోయాయి, నేను గుర్తు కూడా పెట్టలేదు. ఇదే గోపాలరావు కాసేపటికి, విద్య నేర్చిన స్త్రీ ఎంత ఉత్కృష్టమైనదో అదే రాముడికి ఉపన్యాసం ఇస్తాడు. దెబ్బలకూ ఉపన్యాసానికీ మధ్య ఎన్ని వాక్యాలున్నాయో లెక్కపెట్టండి. లెక్కపెట్టడం చిన్నపిల్లల పనిలా ఉంటుంది, కానీ ఆదర్శాలు మాట్లాడే మనిషికీ అతని చేతికీ ఎంత దూరమో అక్కడే బయటపడుతుంది.

తర్వాత ఉత్తరం. అది "అయ్యా" అని మొదలవుతుంది. గోపాలరావు చూపు మొట్టమొదట ఆ సంబోధన మీదే పడుతుంది: "ప్రియా" పోయి "అయ్యా" వచ్చిందా అని. కథలోనే ఒక మనిషి మనకు చదవడం నేర్పుతున్నాడు! ఒక్క మాట మారితే ఒక కాపురం ఎటు పోయిందో తెలిసిపోయింది. అయితే అతను అక్కడే ఆగిపోతాడు, మనం ఇంకో అడుగు వేయాలి. ఉత్తరం ఏ భాషలో ఉంది? రాముడిది ఊరి యాస. గోపాలరావుది ఇంట్లో మాట్లాడే తెలుగు, మధ్యమధ్య ఇంగ్లీషు మాటలు. కమలిని ఉత్తరం మాత్రం గ్రాంథికం. వ్యావహారిక భాష కోసం అంత పోరాడిన గురజాడ, కథలో చదువుకున్న స్త్రీ చేత గ్రాంథికంలో ఎందుకు రాయించాడు? తన చదువు భర్తకు తెలియాలని ఆమె అలా రాసిందా? కోపాన్ని గౌరవం వెనక దాచిందా? లేక చదువుకున్నవాళ్లు కలం పట్టగానే ఎంత కృత్రిమంగా మారిపోతారో చూపించి గురజాడ నవ్వుకున్నాడా? నాకు మొదటిదీ మూడోదీ రెండూ నిజమనిపిస్తాయి. మీకు వేరేలా అనిపించవచ్చు. ఆ మాట ఉత్తరం పక్కన రాసుకోండి.

ఇంకొకటి. కథ మొత్తంలో కమలిని నోరు విప్పి మనకు వినిపించే మాట ఒక్కటైనా ఉందా? ఉత్తరం ఉంది, చివర నవ్వు ఉంది, గాజుల చప్పుడు ఉంది. మధ్యలో మాట్లాడేదంతా ఇద్దరు మగవాళ్లు, అది కూడా ఆడవాళ్ల చదువు గురించి. ఇది తాత్పర్యంలో రాదు. వెతికితేనే కనపడుతుంది.

తెలియని మాటలు, పాత వాక్యాలు

రెండోసారి పూర్తయ్యాక సున్నాలు చుట్టిన మాటల దగ్గరికి రండి. అన్నిటికీ నిఘంటువు చూడనక్కరలేదు. చుట్టూ ఉన్న వాక్యాలను బట్టి ముందు మీరే ఒక అర్థం ఊహించి రాసుకోండి, తర్వాత సరిచూసుకోండి. ఊహ తప్పైనప్పుడు మాట బాగా గుర్తుంటుంది. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం, బ్రౌను నిఘంటువు లాంటివి చాలావరకూ ఇప్పుడు "ఆంధ్రభారతి" అంతర్జాల గూటిలో ఒకేచోట వెతకవచ్చు. పందొమ్మిదో శతాబ్దపు వాడుకకు బ్రౌను చాలా ఉపయోగపడతాడు. మాండలిక పదాలకు మాత్రం ఆ ప్రాంతం మనిషిని అడగడమే మేలు.

కొన్ని మాటలకు అర్థం తెలిస్తే చాలదు, కాలం తెలియాలి. గోపాలరావు తాను నాచ్ వ్యతిరేకినన్న సంగతి తలచుకొని నొచ్చుకుంటాడు. కందుకూరి వీరేశలింగం వంటి సంస్కర్తలు వేశ్యల మేజువాణీలకు వ్యతిరేకంగా నడిపిన ఉద్యమం గురించి రెండు ముక్కలు తెలియకపోతే అతని సిగ్గు లోతు మనకు అందదు. అతను భార్యకు ఒక్కదానికే కాదు, తన సిద్ధాంతానికీ అబద్ధమాడాడు.

పాత గద్యంలో వాక్యం అరపుట సాగితే కంగారు పడకండి. తెలుగులో క్రియ చివర ఉంటుంది కనుక ముందు ఆ చివరికే వెళ్లండి. అక్కడున్న క్రియను పట్టుకొని, అది ఎవరి పనో చూసుకొని, అప్పుడు వెనక్కి వచ్చి "చేసి", "వచ్చి", "కావున" అంటూ సాగే ముక్కలను ఒక్కొక్కటిగా కలుపుకోండి. సంధులు పెన్సిలుతో విడగొట్టండి. నాలుగైదు పుటలు ఇలా కుస్తీ పడితే ఆరో పుట నుంచి దానంతట అదే నడుస్తుంది.

మూడోసారి: బయటికి చదవండి

మూడోసారి గొంతెత్తి చదవండి. ఇంట్లో వింటారని మొహమాటమైతే మేడ మీదికి వెళ్లండి. మన ఊళ్లలో పురాణం అంటే ఒకరు చదవడం, పదిమంది వినడం. కళ్లతో ఒంటరిగా చదవడం మన దగ్గర అంత పాత అలవాటేమీ కాదు. కళ్లు దాటేసే చోట గొంతు దాటలేదు, తడబడుతుంది. రాముడి మాటలను కళ్లతో చదివితే అవి వట్టి యాస. బయటికి చదివితే ఏ మాట దగ్గర అతను అమాయకుడో, ఏ మాట దగ్గర అమాయకత్వం నటిస్తున్నాడో మీరే నిర్ణయించుకోవాల్సి వస్తుంది. ఎందుకంటే గొంతు ఏదో ఒక వైపు మొగ్గక తప్పదు.

నవలలకు, వ్యాసాలకు

నవలను మూడుసార్లు చదవమని చెప్పే ధైర్యం నాకు లేదు. చివరి ఖాళీ పుట మీద పాత్రల పేర్లు, ఒకరికొకరు ఏమవుతారో రాసుకుంటూ పోండి. మన నవలల్లో చుట్టరికాలు తెలియకపోతే సగం గొడవలు అర్థం కావు. సగానికి వచ్చాక ఒకరోజు ఆగి, ఇకముందు ఏమవుతుందో రెండు వాక్యాల్లో ఊహించి రాయండి. ఊహ ఎక్కడ తప్పిందో చూసుకుంటే, రచయిత మిమ్మల్ని ఏ మలుపు దగ్గర పక్కదారి పట్టించాడో తెలుస్తుంది. పూర్తయ్యాక మొదటి అధ్యాయం ఒక్కటి మళ్లీ చదవండి. చాలావరకూ ముగింపు అక్కడే దాక్కొని ఉంటుంది.

యాభై, అరవై పుటల తర్వాత కూడా పుస్తకం మిమ్మల్ని పట్టుకోకపోతే వదిలేయండి. శ్రద్ధ అంటే మొండితనం కాదు.

వ్యాసాలు, చరిత్ర, రాజకీయం చదివేటప్పుడు నేను వేటాడేది ఒక్కటే: కర్త లేని క్రియలు. తెలుగులో ఇది చాలా సులువు. "భావిస్తారు", "అంటారు", "తొలగించారు". ఎవరు? కర్తను చెప్పకుండా వాక్యం హాయిగా నడిచిపోతుంది, మనం తలూపుతాం. అలాంటి ప్రతి క్రియ పక్కనా "ఎవరు?" అని రాయండి. పది పుటల్లో ఎన్ని వచ్చాయో చూస్తే ఆ రచయితను ఎంతవరకూ నమ్మవచ్చో ఒక అంచనా వస్తుంది.

మన పుస్తకాలకు ముందుమాటలు మూడు నాలుగు ఉండటం రివాజు. ఒక ఆచార్యుడిది, ఒక మిత్రుడిది, ఒక విమర్శకుడిది, తర్వాత "నా మాట". వాటిని చివర చదవండి. ముందే చదివితే అదీ తాత్పర్యమే, పైగా ఇంకొకరు రాసినది.

ఒక పుస్తకం పక్కన ఇంకొకటి

కొంత అలవాటు పడ్డాక ఒకే రచయితవి రెండు పక్కపక్కన పెట్టి చదవండి. గురజాడనే తీసుకుంటే, "కన్యాశుల్కం" నాటకం 1897లో ఒకసారి, బాగా పెంచి తిరగరాశాక 1909లో మరోసారి అచ్చయింది. ఒకే సన్నివేశాన్ని రెండింటిలో చదివి, ఏ మాట మార్చాడో, ఎక్కడ పెంచాడో చూస్తే రచన ఎలా జరుగుతుందో ఏ పాఠ్యపుస్తకమూ చెప్పనంత బాగా తెలుస్తుంది.

ఆ నాటకంలో మధురవాణి ఇంట్లో ఒక మంచం ఉంది. దాని కింద రామప్ప పంతులు దాక్కుంటాడు, పూటకూళ్లమ్మ వచ్చిందని గిరీశమూ అక్కడికే చేరతాడు. ఇద్దరు మగవాళ్లు ఒక ఆడదాని మంచం కింద! 1909లో రెండో కూర్పు, 1910లో "దిద్దుబాటు". నాటకంలో మంచం కింద దూరినవారు పరువు పోగొట్టుకుంటారు. కథలో మంచం కింద ఉన్న మనిషే గెలుస్తుంది. గురజాడ ఈ రెండింటినీ కావాలనే జత చేశాడని నేను వాదించను. రెండూ పక్కపక్కన చదవకపోతే ఈ జత నాకు కనపడేదే కాదు, అంతే.

ఒక్క మనిషిని వెతుక్కోండి

పెద్ద చర్చా బృందం అక్కరలేదు. అదే పుస్తకం చదివే మనిషి ఒక్కరు దొరికితే చాలు. మీతో ఏకీభవించని మనిషైతే ఇంకా మంచిది. "నచ్చిందా?" అని అడగవద్దు, ఆ ప్రశ్నకు జవాబు ఒక్క మాటతో అయిపోతుంది. "ఎక్కడ ప్రశ్నార్థకం పెట్టావు?" అని అడగండి. ఇద్దరి ప్రశ్నార్థకాలు ఒకే చోట పడితే అక్కడ రచయిత కావాలనే ఏదో వదిలేశాడని దాదాపు నమ్మవచ్చు.

నాకు దొరికిన మనిషి మా అక్కే. మా ఇద్దరి ప్రతుల్లోనూ "దిద్దుబాటు"లో ఒకే మనిషి పక్కన ప్రశ్నార్థకం ఉంది: రాముడు. అమ్మగారు మంచం కింద ఉన్నట్టు అతనికి ముందే తెలుసా? తెలిస్తే ఆ దెబ్బలు ఎందుకు పడ్డట్టు? తెలియకపోతే యజమాని బాధ చూసి అంత తాపీగా ఎలా ఉన్నట్టు? అక్క తన ప్రతిలో "తెలుసు" అని రాసుకుంది, కింద రెండు గీతలు కూడా గీసింది. నా ప్రతిలో "తెలియదు" అని రాసి, గత సంవత్సరం రబ్బరుతో చెరిపేశాను. ప్రస్తుతానికి ఆ చోటు ఖాళీగా ఉంది. సంక్రాంతికి అక్క వచ్చినప్పుడు మళ్లీ చదువుతాం. ఈసారి రాముడి మాటలు ఆమె చదువుతానంటోంది.